పదును చూసి విత్తు... వేడి చూసి పొర వెయ్యి!

గ్రాఫీన్ పరిశోధన అనగానే కోట్ల రూపాయల యంత్రాలు, విదేశీ ల్యాబులు గుర్తొస్తాయి. కానీ పొర కుదిరిందా, చెడిందా తేల్చేది చాలాసార్లు ఒకే ఒక్క అంకె... పొర వేసేటప్పటి ఉష్ణోగ్రత. ఆ అంకెను పట్టుకోవడం అనంతపురంలో ఎమ్మెస్సీ చదివే విద్యార్థికీ సాధ్యమే. అదెలా? దాన్ని పట్టుకుని ఎక్కడి దాకా వెళ్లొచ్చు?

జూన్, జులై నెలల్లో అనంతపురం పల్లెల్లో ఎవర్ని కదిపినా ఒకటే ప్రశ్న: 'మీ చేను పదునైందా?' సాలీనా సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉండే నేల ఇది. వాన పడగానే ఎవరూ విత్తనం వెయ్యరు. గుప్పెడు మట్టి తీసుకుని నలిపి చూస్తారు. తడి ఎక్కువైతే విత్తనం కుళ్లుతుంది, తక్కువైతే మొలవదు. రెండింటి మధ్య ఉండే ఆ కాస్త సమయాన్నే పదును అంటారు. అది తప్పితే ఆ ఏటి వేరుశనగ తప్పినట్టే.

ల్యాబ్‌లో పలుచని పొరలు వేసేవాళ్లు వెతికేదీ ఇలాంటి పదునునే. అక్కడ తడి బదులు వేడి. ఒకే రసాయనం, ఒకే పరికరం, ఒకే చెయ్యి. అయినా పొర వేసే పలక 50 డిగ్రీలు అటో ఇటో అయితే వచ్చే పదార్థమే మారిపోతుంది. ఒకదాంట్లో కరెంటు చక్కగా పారుతుంది, ఇంకోదాంట్లో అసలు పారదు. గ్రాఫీన్ విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ.

ఒక్క అణువు మందం

పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్. పుస్తకంలో కాగితాల్లా కర్బన పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అందులో ఒక్క కాగితాన్ని విడదీస్తే అదే గ్రాఫీన్. మందం సుమారు 0.34 నానోమీటర్లు. 2004లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రి గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ మామూలు అంటుకునే టేపుతో గ్రాఫైట్ నుంచి ఈ పొరను లాగి చూపించారు. 2010లో ఇద్దరికీ ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

దీని మీద పడిన కాంతిలో 97.7 శాతం దాటిపోతుంది. కరెంటునూ బాగా మోస్తుంది. అద్దంలా కనిపిస్తూ తీగలా పనిచేసే పదార్థాలు చాలా అరుదు. మొబైల్ స్క్రీన్లకూ, కొన్ని రకాల సోలార్ సెల్స్‌కూ కావాల్సింది ఇలాంటిదే. ఇప్పుడు ఆ పనికి ఎక్కువగా ఇండియం టిన్ ఆక్సైడ్ వాడుతున్నారు. ఇండియం ఖరీదైన లోహం, పైగా ఆ పొర వంచితే పగులుతుంది. అందుకే గ్రాఫీన్ మీద ఇంత ఆశ.

చిక్కల్లా ఒకటే. టేపుతో లాగితే వచ్చేది కంటికి ఆనని చిన్న ముక్క. స్క్రీన్‌కు చాలినంత వెడల్పు పొర కావాలంటే దాన్ని పెంచాలి, లేదా పూయాలి. ఉష్ణోగ్రత కథ ఇక్కడే మొదలవుతుంది.

రాగి రేకు మీద వెయ్యి డిగ్రీలు

పెంచే పద్ధతి పేరు కెమికల్ వేపర్ డిపోజిషన్, పొట్టిగా సీవీడీ. గొట్టంలాంటి కొలిమిలో రాగి రేకు పెట్టి, వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, మీథేన్, హైడ్రోజన్ వాయువులు పంపుతారు. మీథేన్ విరిగి కర్బనం రేకు మీద చేరుతుంది. రాగిలో కర్బనం దాదాపు కరగదు. కాబట్టి పైనే ఉండి పొరగా అల్లుకుంటుంది. ఉపరితలమంతా కప్పేశాక మీథేన్‌ను విడగొట్టే రాగి బయట కనపడదు. దాంతో పెరుగుదల చాలావరకు తనంతట తానే ఆగిపోతుంది. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లోని రాడ్నీ రువాఫ్ బృందం 2009లో ఈ పద్ధతిని ప్రకటించాక గ్రాఫీన్ సెంటీమీటర్ల వెడల్పుకు పెరిగింది. మరుసటి ఏడాదే దక్షిణ కొరియా పరిశోధకులు 30 అంగుళాల పొరను తయారు చేసి చూపించారు.

సరే, వెయ్యి డిగ్రీలే ఎందుకు? 850 చాలదా? మళ్లీ విత్తనాల మాటే చెప్పుకోవాలి. రాగి మీద కర్బనం ముందు చిన్న చిన్న దీవులుగా మొలుస్తుంది. వేడి తక్కువైతే కర్బన అణువు ఎక్కువ దూరం కదల్లేదు. పడిన చోటే గుంపు కడుతుంది. దాంతో లెక్కలేనన్ని మొలకలు, అన్నీ చిన్నవే. అవి ఒకదానికొకటి తగిలిన చోటల్లా అతుకు పడుతుంది. ఎలక్ట్రాన్ ఆ అతుకులన్నీ దాటుకుంటూ పోవాలి, కాబట్టి నిరోధం పెరుగుతుంది. వేడి ఎక్కువైతే అణువు దూరం నడిచి అప్పటికే ఉన్న దీవిలో కలుస్తుంది. మొలకలు తక్కువ, దీవులు పెద్దవి, అతుకులు తక్కువ. దగ్గర దగ్గరగా విత్తిన చేనుకూ, ఎడం చూసి విత్తిన చేనుకూ ఉన్న తేడా ఇదే.

అలాగని వేడి పెంచుకుంటూ పోలేం. రాగి 1,085 డిగ్రీలకు కరిగిపోతుంది. దానికి ముందే ఆవిరవుతూ రేకు గరుకెక్కుతుంది. అంటే పదును ఉండేది చాలా ఇరుకైన పట్టీలో.

అదే రాగి బదులు నికెల్ వాడితే లెక్క మారుతుంది. వేడిగా ఉన్నప్పుడు నికెల్ కర్బనాన్ని లోపలికి మింగి, చల్లారేటప్పుడు బయటికి కక్కుతుంది. అక్కడ ఎంత వేడి అన్నదొక్కటే చాలదు, ఎంత వేగంగా చల్లార్చారన్నదీ పొరల సంఖ్యను తేలుస్తుంది. ఉష్ణోగ్రత అంటే ఒక్క అంకె కాదు, ఎక్కడం, నిలవడం, దిగడం కలిసిన ప్రయాణం అని చెప్పే ఉదాహరణ ఇది.

పెనం మీద దోసె

సీవీడీ కొలిమి అన్ని కాలేజీల్లో ఉండదు. రెండో దారి చవకైంది. గ్రాఫైట్‌ను ఆమ్లాలతో ఆక్సీకరిస్తే గ్రాఫీన్ ఆక్సైడ్ వస్తుంది. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ ప్రకటించిన పద్ధతే కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. ఈ ఆక్సైడ్ నీళ్లలో చక్కగా కలుస్తుంది. గోధుమరంగు ద్రావణం తయారవుతుంది. వేడి చేసిన గాజు పలక మీద దాన్ని సన్నని తుంపరగా కొడితే పొర ఏర్పడుతుంది. కావాల్సినవి హాట్‌ప్లేట్, స్ప్రే గన్, ఓపిక.

ఇక్కడ పలక వేడి ఎంతుండాలి? అమ్మ దోసె వేసే ముందు పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లుతుంది కదా, అదే పరీక్ష. పెనం చల్లగా ఉంటే చుక్క అలాగే నిలిచిపోతుంది. పలక కూడా అంతే. వేడి చాలకపోతే తుంపర తడిగా నిలిచి మెల్లగా ఆరుతుంది. పదార్థమంతా చుక్క అంచులకు చేరి, కాఫీ మరక లాంటి వలయాలు మిగులుతాయి. పెనం మరీ కాలిపోతే చుక్క అంటుకోకుండా గుండ్రంగా దొర్లుతుంది. కింద పుట్టిన ఆవిరే దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లోనే దీన్ని వివరించారు, అందుకే ఆయన పేరే పెట్టారు. పలక అంత వేడిగా ఉంటే తుంపర చెదిరిపోతుంది, లేదా దారిలోనే ఆరిపోయి పొడిలా రాలుతుంది. వేలితో తుడిస్తే చాలు, ఊడొస్తుంది. ఈ రెండింటి మధ్య, చుక్క తగలగానే పరుచుకుని ఆరిపోయే వేడి దగ్గరే గట్టి పొర వస్తుంది.

అయితే ఆరడం ఒక్కటే సరిపోదు. గ్రాఫీన్ ఆక్సైడ్ కరెంటును దాదాపు పారనివ్వదు. దాన్ని పట్టుకుని ఉన్న ఆక్సిజన్ గుంపులను వదిలించాలి. దాదాపు 150 నుంచి 250 డిగ్రీల మధ్య అవి నీటి ఆవిరిగా, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్‌గా పెద్ద మొత్తంలో పోవడం మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ మిగిలినవీ తగ్గుతాయి. గోధుమరంగు పొర నల్లబడుతుంది, నిరోధం పడిపోతుంది. అలాగని గాలిలోనే 500 డిగ్రీల దాకా తీసుకెళ్తే కర్బనమే కాలిపోతుంది. అందుకే ఎక్కువ వేడికి ఆర్గాన్, నైట్రోజన్ లేదా శూన్యం కావాలి. మామూలు కిటికీ గాజు కూడా 550 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడి వంగడం మొదలెడుతుంది. ప్లాస్టిక్ అయితే ఇంకా ముందే చేతులెత్తేస్తుంది.

తిరుపతి చెప్పిన పాఠం

వేడిని పట్టుకుని పరిశోధన చేయడం రాయలసీమకు కొత్తేమీ కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగంలో దశాబ్దాలుగా థిన్ ఫిల్మ్స్ మీద పని జరుగుతోంది. అక్కడి పరిశోధకులు కె.టి.రామకృష్ణారెడ్డి, ఎన్.కోటేశ్వర రెడ్డి తగరం, గంధకం కలిసిన టిన్ సల్ఫైడ్ పొరలను స్ప్రే పద్ధతిలోనే వేశారు. పలక ఉష్ణోగ్రతను మెట్టుమెట్టుగా మారుస్తూ ఏ వేడికి ఏ పదార్థం వస్తుందో చూశారు. వేడి తక్కువైతే తగరం, గంధకం వేరే పాళ్లలో కలిసిన ఇతర సల్ఫైడ్లు తోడవుతాయి. మరీ ఎక్కువైతే గంధకం ఎగిరిపోతుంది. శుద్ధమైన పొర 350 డిగ్రీల చుట్టుపక్కలే దొరుకుతుంది. ఆ పొరతో చేసిన సోలార్ సెల్ 1.3 శాతం సామర్థ్యం చూపినట్టు బ్రిటన్‌కు చెందిన ఆర్.డబ్ల్యూ.మైల్స్‌తో కలిసి 2006లో అంతర్జాతీయ జర్నల్‌లో ప్రచురించారు.

1.3 శాతం అంటే చిన్నదే అనిపిస్తుంది. ఆ పదార్థంతో సెల్ పనిచేస్తుందని చూపించడమే అప్పట్లో పెద్ద విషయం. దాని వెనక ఉన్నది ఖరీదైన యంత్రం కాదు, ఉష్ణోగ్రతను ఓపిగ్గా మార్చి చూసిన క్రమం. పదార్థం గ్రాఫీన్ అయినా ఆ క్రమం మారదు.

అన్నీ ఒకేసారి మెరుగవ్వవు

కొత్తగా వచ్చినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. వేడి పెంచితే పొర 'బాగుపడుతుంది' అని ఒక్క మాటలో రాసేస్తారు. దేనికి బాగుపడింది? ఆ ప్రశ్న వేసుకోవాలి.

నిరోధం: ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేసే ఫోర్ ప్రోబ్ ప్రయోగంతోనే కొలవొచ్చు. ఆక్సైడ్ పొరల్లో వేడి పెరిగేకొద్దీ సాధారణంగా తగ్గుతుంది.

పారదర్శకత: యూవీ-విజిబుల్ స్పెక్ట్రోమీటర్ చెబుతుంది. ఆక్సిజన్ పోయేకొద్దీ పొర నల్లబడి ఇది కూడా తగ్గుతుంది. అంటే ఒకటి సంపాదిస్తే ఇంకోటి పోతుంది. స్క్రీన్‌కు కావాల్సిన పొర వేరు, బ్యాటరీకి కావాల్సింది వేరు.

పొరల ఎడం: ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో తెలుస్తుంది. గ్రాఫైట్‌లో 0.335 నానోమీటర్లున్న ఎడం, ఆక్సిజన్, నీరు దూరడంతో ఆక్సైడ్‌లో 0.7 నుంచి 0.8 దాకా పెరుగుతుంది. వేడి చేస్తే మళ్లీ దగ్గరవుతుంది.

లోపాలు: రామన్ స్పెక్ట్రమ్‌లో 1,350 దగ్గర వచ్చే డి శిఖరం, 1,580 దగ్గర వచ్చే జి శిఖరం చూస్తారు. రాగి మీద పెంచిన గ్రాఫీన్‌లో డి ఎంత చిన్నదైతే అంత మంచిది. ఆక్సైడ్ పొరల్లో మాత్రం అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆక్సిజన్ పోతూ పోతూ కాస్త కర్బనాన్నీ వెంట తీసుకుపోతుంది, చిల్లులు మిగులుతాయి. అందుకే కరెంటు బాగా పారుతున్నా డి, జి శిఖరాల నిష్పత్తి తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. ఇది తెలియనివాళ్లు తమ ప్రయోగం తప్పిందనుకుని భయపడతారు. ఇంకొందరు లెక్క కుదరలేదని ఆ గ్రాఫునే దాచేస్తారు. నిజానికి థీసిస్‌లో రాయదగ్గ సంగతి అదే.

డిస్‌ప్లే అంకెను నమ్మొద్దు

హాట్‌ప్లేట్ మీద 300 అని కనిపిస్తుంది. పొర పడేది ప్లేటు మీద కాదు, దాని మీదున్న గాజు పైభాగాన. అక్కడ వేడి తక్కువే ఉంటుంది. తుంపర పడ్డ ప్రతిసారీ ఇంకా పడిపోతుంది. గాజు పైన ఓ మూలకు థర్మోకపుల్ ఆనించి అసలు అంకె తీసుకోండి. స్ప్రే ఆపి, వేడి మళ్లీ ఎక్కాక కొట్టండి. కొట్టే ముందు ఎంత, కొట్టాక ఎంత... రెండూ నోట్‌బుక్‌లో రాయండి. మే నెలలో ల్యాబ్‌లోనే 40 డిగ్రీలుంటే, ఆ రోజు గది వేడి కూడా రాయండి. మధ్యలో కరెంటు పోతే ఆ శాంపిల్‌ను లెక్కలోంచి తీసేసి, ఎందుకు తీసేశారో రాయండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. వేడి మార్చే రోజు ద్రావణం గాఢత, గన్ దూరం, తుంపర సంఖ్య కదపకూడదు. ప్రతి ఉష్ణోగ్రతకూ కనీసం మూడు శాంపిల్స్ చేయాలి. ఒకటే చేస్తే అది ఫలితం కాదు, అదృష్టం. పొర వేసేటప్పటి వేడి, తర్వాత విడిగా కాల్చిన వేడి... ఈ రెండింటినీ కలిపి రాయకూడదు. ఇవి వేర్వేరు పనులు చేస్తాయి.

ఒక గట్టి హెచ్చరిక. హమ్మర్స్ పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం పర్మాంగనేట్ కలుపుతారు. తొందరపడి ఒకేసారి వేసినా, మంచు గిన్నె లేకపోయినా పేలే ప్రమాదం ఉంది. సీవీడీలో వాడే హైడ్రోజన్, మీథేన్ రెండూ మండే వాయువులే. గైడ్ లేకుండా, ఒంటరిగా, రాత్రిపూట ఇవి చేయొద్దు. వీడియో చూసి ఇంట్లో అసలే వద్దు.

రామన్ యంత్రం లేదంటే?

'మా కాలేజీలో ఆ పరికరం లేదు సార్' అన్నది చాలామంది ఆగిపోయే చోటు. పొర వేయడానికి, నిరోధం కొలవడానికి సొంత ల్యాబ్ చాలు. మిగతా కొలతలకు శాంపిల్‌ను పరికరం దగ్గరికి తీసుకెళ్లాలి.

దేశంలోని ప్రభుత్వ నిధులతో కొన్న పరికరాల వివరాలు ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఉంటాయి. 2020 జనవరిలో మొదలైన ఈ పోర్టల్‌లో ఏ పరికరం ఎక్కడుందో చూసి స్లాట్ అడగొచ్చు. అనంతపురం వాళ్లకు ఇంకో వెసులుబాటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు వెళ్తే బెంగళూరు. అక్కడ ఐఐఎస్‌సీలో నానో సైన్స్, ఇంజినీరింగ్ కేంద్రం, సి.ఎన్.ఆర్.రావు గ్రాఫీన్ మీద పని చేసిన జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత అధ్యయన కేంద్రం ఉన్నాయి. ఇండియన్ నానో యూజర్స్ ప్రోగ్రామ్ కింద ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేలాంటి చోట్ల బయటి విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, ఎంపికైన ప్రతిపాదనలకు ల్యాబ్ వాడుకునే అవకాశమూ ఇస్తారు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ కూడా కొత్త పదార్థాలు, పూతల మీద పనిచేసే జాతీయ స్థాయి సంస్థ.

దరఖాస్తులో 'గ్రాఫీన్ మీద పరిశోధన చేస్తాను' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. '200, 250, 300, 350 డిగ్రీల వద్ద వేసిన పన్నెండు శాంపిల్స్ ఉన్నాయి, నిరోధం ఇంత వచ్చింది, 300 దగ్గర ఈ మార్పు ఎందుకొచ్చిందో రామన్‌లో చూడాలి' అని రాయండి. చదివేవాళ్ల తీరే మారుతుంది.

చదువు, ఫెలోషిప్, కొలువు

బీఎస్సీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్నవాళ్లు ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటీరియల్ సైన్స్ వైపు రావొచ్చు. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. ఎమ్మెస్సీ చదువుతుండగానే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలలు మంచి ల్యాబ్‌లో గడిపితే ఈ పని మీకు సరిపడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, గేట్ ప్రధాన దారులు. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా రూ.42,000 ఫెలోషిప్ ఉంటుంది. 2023 జనవరి నుంచి అమలైన మొత్తాలివి. ఇంటి అద్దె భత్యం అదనం. వానను నమ్ముకున్న ఇంట్లో పెద్దకొడుకుకో, పెద్దకూతురికో ఈ మొత్తం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఫెలోషిప్ లేకుండా ఐదేళ్ల పీహెచ్‌డీలో దిగేముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవడం మంచిది.

ఉద్యోగాల సంగతీ దాచకుండా చెప్పుకోవాలి. గ్రాఫీన్ పేరుతోనే ఉన్న కొలువులు మన దగ్గర చాలా తక్కువ. కానీ పలుచని పొరను, దాని ఉష్ణోగ్రతను అదుపు చేయడం తెలిసినవాళ్ల అవసరం చాలా చోట్ల ఉంది. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఫస్ట్ సోలార్ 2024 జనవరిలో ప్రారంభించిన ఫ్యాక్టరీలో గాజు మీద కాడ్మియం టెల్యూరైడ్ పొర వేస్తారు. గుజరాత్ ధొలేరాలో టాటాల చిప్ ఫ్యాక్టరీకి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. చిప్ అంటేనే పొర మీద పొర. డిస్‌ప్లేలు, సెన్సర్లు, కటింగ్ టూల్స్ మీద వేసే గట్టి పూతలు, కళ్లద్దాల కోటింగ్... అన్నిట్లోనూ ప్రాసెస్ ఇంజినీర్ పని ఇదే: వేడి ఎంత, వేగం ఎంత, పొర ఎందుకు ఊడింది?

ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు ఇదే. 'మీ ఆప్టిమమ్ టెంపరేచర్ ఎంత?' అంటే '300' అని చాలామంది చెప్తారు. 'దానికి 50 తగ్గిస్తే ఏమైంది, పెంచితే ఏమైంది, ఎందుకు?' అన్న రెండో ప్రశ్న దగ్గరే ఎంపిక జరుగుతుంది. దానికి జవాబు పుస్తకంలో దొరకదు. చెడిపోయిన పొరలను పారేయకుండా, తేదీ, వేడి రాసి డబ్బాలో దాచుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది. ఈ సెమిస్టర్ ప్రాజెక్టు మొదలెట్టే ముందు అలాంటి డబ్బా ఒకటి కొనుక్కోండి.